నమ్మకమైన దాసుడని లేఖనం ఎవరిని అంటుంది? సంఘ కోశాధికారిగా ఉండమంటున్నారు, సలహా కావాలి

ప్రశ్న (కందుకూరు దగ్గరి సహోదరుడు)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మాది కందుకూరుకు దగ్గరలో ఒక పల్లె. నేను పొగాకు బ్యారన్ దగ్గర గుమాస్తాగా పని చేస్తున్నాను. కూలీల హాజరు, కట్టెల తూకం, వేలానికి వెళ్లే బేళ్ల లెక్క రాయడం నా పని. మా మందిరంలో నూరు కుటుంబాలకు పైగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్లుగా కోశాధికారిగా ఉన్న పెద్దాయనకు చూపు తగ్గిపోవడంతో ఆ బాధ్యత నన్ను తీసుకోమని మా కాపరి అయ్యగారు, సంఘ పెద్దలు అడిగారు. వచ్చే నెల మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనపు ఆరాధన అయ్యాక, సంఘమంతటి ముందు నా పేరు ప్రతిపాదిస్తామన్నారు.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. మా వైపు 'నమ్మకమైన దైవసేవకుడు' అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది మైకు ముందు గంటసేపు వాక్యం చెప్పగలిగినవారు, నలభై దినాలు ఉపవాసం ఉన్నవారు, ఊరూరా సభలు పెట్టేవారు. నేను సాక్ష్యం చెప్పడానికి లేచినా నాలుగు మాటలకే గొంతు పట్టేస్తుంది. లెక్కలు రాసుకునేవాణ్ని ఆ మాటతో పిలవడం సబబేనా? లేఖనం ఆ మాటను ఎవరి విషయంలో వాడింది?

రెండోది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. 2019లో కోతకాలపు పండుగ కానుకలు లెక్కపెట్టిన రోజున పెద్దాయన ఊళ్లో లేకపోతే ఆ డబ్బు నా ఇంట్లో ఉంచారు. దాన్ని బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, పైన తెల్లగుడ్డ చుట్టి, బియ్యం డ్రమ్ము వెనక దాచాను. నాలుగో రోజు తెల్లవారుజామున మా నాన్నకు గుండెనొప్పి వచ్చింది. ఇంట్లో మూడు వందలు కూడా లేవు. ఆ డబ్బాలోంచి ఆరు వేలు తీసి, కారు మాట్లాడుకుని ఒంగోలు తీసుకువెళ్లాను. దేవుని దయవల్ల నాన్న బతికారు. పదకొండో రోజున జీతం చేతికి రాగానే ఆరు వేలూ తిరిగి డబ్బాలో పెట్టాను. ఆ తరువాతి ఆదివారం పెద్దాయనకు అప్పగిస్తే లెక్క సరిపోయింది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కానీ ఆ గుడ్డ ముడి మొదట ఎలా వేశానో సరిగ్గా అలాగే కనబడేటట్టు మళ్లీ వేయడానికి ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలుసు, దేవునికి తెలుసు. ఇన్నేళ్లుగా నన్ను బాధిస్తున్నది డబ్బు తీయడం కన్నా ఆ ముడి. ఇలాంటివాడు సంఘపు తాళంచెవి పట్టుకోవచ్చా, లేక ఏదో సాకు చెప్పి తప్పుకోవడమే మంచిదా? దయచేసి చెప్పండి.

జవాబు (విశ్రాంత కాపరి, ఒంగోలు)

తమ్ముడూ, నీకు వందనాలు. నేను రామాయపట్నంలో వేదాంత విద్య చదువుకుని, ముప్పై ఏళ్లకు పైగా ఒంగోలు, పొదిలి వైపు సంఘాల్లో కాపరిగా పనిచేసినవాణ్ని. నీ మొదటి సందేహం గురించి ముందు రాస్తాను. అది నీ ఒక్కడిదే కాదు, మన సంఘాలన్నిటిలో ఉంది.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు తనను, తన తోటివారిని గృహనిర్వాహకులని చెప్పుకుని, వెంటనే "గృహనిర్వాహకులలో ప్రతివాడును నమ్మకమైనవాడై యుండుట అవశ్యము" అన్నాడు. ఆ మాటకు మూలం 'ఓయికోనోమోస్' అనే గ్రీకు పదం. ఆ రోజుల్లో పెద్ద ఇళ్లలో ఆ పని చేసేవాడు చాలాసార్లు బానిసే. కొట్టుగది తాళంచెవులు అతని దగ్గరే ఉండేవి, పనివాళ్లకు గింజలు కొలిచి ఇచ్చేది అతడే, అయినా అందులో ఒక్క గింజ కూడా అతని సొంతం కాదు. అపొస్తలుడైన పౌలు తనను పోల్చుకోవడానికి ఎంచుకున్నది నీవు చేసే గుమాస్తా పనినే. ఇక మత్తయి సువార్త ఇరవై నాలుగో అధ్యాయంలో ప్రభువు "నమ్మకమైనవాడును బుద్ధిమంతుడునైన దాసుడెవడు" అని అడిగినప్పుడు ఆ దాసుడికి అప్పగించిన పని ఏమిటో చూడు. ఇంటివారికి తగిన వేళ అన్నం పెట్టడం! ఆకలి వేళకు అన్నం అందిందా లేదా అన్నదే అక్కడ పరీక్ష. ఆ దాసుడు ఎంత బాగా మాట్లాడాడని యజమాని అడగలేదు.

మన ప్రాంతపు సంఘ చరిత్రను కూడా మనం సగమే చెప్పుకుంటాం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంఖ్య మన ఆదివార బడి పిల్లలకు కూడా నోటికి వచ్చు. దానికి ముందు గడిచిన పదిహేను నెలల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. 1876 నుంచి 1878 వరకు సాగిన ఆ పెద్ద కరువులో, కూలి దొరక్క చనిపోతున్నవారి కోసం అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆయన మిషనరీ కాకముందు భూమి కొలిచే సర్వేయరుగా పనిచేసినవారు కాబట్టి ఆ కొలతలు ఆయనకు తెలుసు. ప్రసంగీకులే మేస్త్రీలై తవ్వేవారి మధ్య నిలబడి పని చేయించారు, విశ్రాంతి వేళల్లో సువార్త చెప్పారు. వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. డబ్బు, గింజలు తన చేతి మీదుగా పంచుతున్నంత కాలం ఇవ్వనని ఆయన నిలబడ్డారు. కూటి కోసం వచ్చేవారెవరో, క్రీస్తు కోసం వచ్చేవారెవరో తేలాలన్నది ఆయన ఆలోచన. కరువు సహాయం ఆగిన తరువాతే ఆ జూలై నెల వచ్చింది. ఆ రోజున నీళ్లలో దిగి బాప్తిస్మాలు ఇచ్చినది కూడా ఆయన కాదు, ఆరుగురు ప్రసంగీకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా ఇచ్చారు. సంఖ్య పెంచుకోవడానికి అవకాశం ఉండి కూడా, తనకు అప్పగించిన ఆత్మల విషయంలో తొందరపడకుండా ఆ పదిహేను నెలలు ఆగడమే నమ్మకత్వమని నేను నా కాపరత్వం చివరి రోజుల్లో గాని గ్రహించలేదు. చిన్నతనంలో నేను కూడా సంఖ్య చూసే ఉప్పొంగినవాణ్ని.

ఆయనకన్నా ముందువారి మాట కూడా ఒకటి చెప్పాలి. అదే మిషన్‌కు చెందిన శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరు వచ్చారు, జెవెట్ గారు 1849లో వచ్చారు. అన్నేళ్లు కష్టపడినా సంఘంలో చేరినవారు కొన్ని పదులకు మించలేదు. ఈ మిషన్‌ను మూసేద్దామన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. మూసేసినా నేను తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే చనిపోతానని జెవెట్ గారు పట్టుబట్టారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించినవారు ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురే. ఆ కొండను మనం ఇప్పటికీ ప్రార్థన కొండ అంటున్నాం. ఆ ఉదయాన వారి చేతిలో చూపించడానికి ఏ ఫలమూ లేదు.

ఇక నీ రెండో సందేహం. తలాంతుల ఉపమానంలో యజమాని అప్పగించిన ఒక్క తలాంతు సొమ్మును నేలలో పాతిపెట్టిన దాసుడు దొంగతనం చేయలేదు. అణా పైసలతో సహా తిరిగి అప్పగించాడు. అయినా అతడు "సోమరివైన చెడ్డ దాసుడా" అన్న మాట పడ్డాడు. ఎందుకు పాతిపెట్టాడో తానే చెబుతూ భయపడ్డానన్నాడు. సాకు చెప్పి తప్పుకుందామన్న నీ ఆలోచనలో నాకు ఆ భయమే కనబడుతోంది. అలాగని ఆ సంగతి దాచి తాళంచెవి తీసుకోమని నేను చెప్పను. ముందు మీ అయ్యగారితో ఒంటరిగా కూర్చుని ఇక్కడ రాసినది రాసినట్టుగా చెప్పు. ఆ తరువాత నిర్ణయం నీది కాదు, వారిది.

జవాబు (సింగరాయకొండ)

అన్నా, తండ్రి ప్రాణం పోతుంటే ఏ కొడుకైనా అదే చేస్తాడు. తిరిగి పెట్టేశారు కూడా. మానిన పుండును రేపుకోవద్దు, సంఘంలో అందరి నోళ్లూ ఒకేలా ఉండవు. దేవుని దగ్గర ఒప్పుకున్నారు కదా, అంతటితో చాలునని నా అభిప్రాయం.

జవాబు (సహోదరి, కావలి స్త్రీల సమాజం)

పైన రాసిన సహోదరుడు ప్రేమతోనే రాశారు గాని, ఆ మాటను నేను ఒప్పుకోలేను. ప్రశ్న అడిగిన తమ్ముడు తనను బాధిస్తున్నది ముడి అని స్పష్టంగా రాశాడు. తండ్రిని కాపాడుకోవడం తప్పని ఎవరూ అనరు. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని గుడ్డను పాత మడతల్లోనే మడవడం వేరే సంగతి, దానికి మందు వేరే.

మా నాయనమ్మ గురించి రాస్తాను. ఆమెకు చదువు రాదు. అల్లూరు దగ్గర మా పల్లెలో పిడికెడు బియ్యం కుండ ఆమె దగ్గర ఉండేది. ప్రతి ఇంట్లో ఆడవాళ్లు పొద్దున, సాయంత్రం ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. శనివారం అవన్నీ నాయనమ్మ దగ్గరికి చేరేవి. ఆ బియ్యం కాపరి కుటుంబానికి, ఊళ్లో దిక్కులేని ముసలివాళ్లకు వెళ్లేవి. కొలవడానికి ఆమె దగ్గర ఒక ఇత్తడి సోల ఉండేది. తీసుకునేటప్పుడు తలగొట్టి కొలిచేది, ఇచ్చేటప్పుడు గోపురం పోసి ఇచ్చేది. ఒక వానాకాలంలో మా ఇంట్లోనే గింజ లేదు. కుండ నిండా బియ్యం ఉన్నాయి. మేం నలుగురు పిల్లలం ఆ రాత్రి ఉడకబెట్టిన చిలగడదుంపలు తిని పడుకున్నాం. ఆమెకు మా మీద ప్రేమ లేక కాదు. మరునాడు పొద్దున్నే ఆమె కాపరి భార్య అమ్మగారి దగ్గరికి వెళ్లి, మా ఇంట్లో గింజలు అయిపోయాయి, కుండలోంచి రెండు సోలలు ఇప్పించండి అని అడిగింది. కుండ ఆమె చేతిలోనే ఉంది, అయినా అడిగి తీసుకుంది. తమ్ముడూ, నీవు ఆ తెల్లవారుజామున ఒక్క ఫోన్ చేసి ఉంటే అయ్యగారు కాదనేవారా? నిన్ను నిందించడానికి అడగడం లేదు. ఇకముందు నీవు ఎలా ఉండాలో ఆ ఒక్క ఫోన్‌లోనే ఉందని చెబుతున్నాను.

ఇంకొకటి. పై జవాబుల్లో ఎవరూ దీన్ని ముట్టుకోలేదు గాని, దేవుని సేవలో ఉన్నవారికి మన మధ్య అప్పగించే విలువైన సొమ్ము డబ్బు ఒక్కటే కాదు. మనుషులు తమ గుట్టును కూడా అప్పగిస్తారు. ఉపవాస ప్రార్థనలో ఒక కోడలు కన్నీళ్లతో ఒక ప్రార్థనాంశం చెబుతుంది. సాయంత్రానికి అది నాలుగు వాకిళ్లు తిరుగుతుంది. "ఆమె కోసం ప్రార్థించండమ్మా" అంటూనే చెబుతాం, అందుకే తప్పు చేస్తున్నట్టు అనిపించదు. పన్నెండేళ్ల కిందట నేనే అలా చేశాను. భర్త తాగి కొడుతున్నాడని ఒక పిల్ల నాకు చెప్పుకుంటే, ప్రార్థన కోసమేనని నాకు నేను సర్దిచెప్పుకుని మరో ఇద్దరికి చెప్పాను. అది తిరిగి తిరిగి ఆమె అత్తగారి చెవిన పడింది. ఆ పిల్ల ఆ తరువాత మందిరానికి వచ్చింది గాని, నా వైపు చూసి వందనం చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో నేను నేర్చుకున్నది ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. కోశాధికారివైతే ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరు ఇవ్వలేకపోయారో నీకు తెలుస్తుంది. పంట పోయిన ఏడాది ఫలానావారు చందా కట్టలేదన్న మాట నీ భార్యకు కూడా తెలియకూడదు. కానుకల పెట్టె కన్నా ఈ తాళం గట్టిగా ఉండాలి.

జవాబు (బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు)

నేను పదహారేళ్లుగా మా సంఘానికి లెక్కలు తనిఖీ చేస్తున్నాను. అందరూ తమ్ముడి గురించి రాశారు. సంఘం గురించి కూడా ఒక మాట రాయాలి. కానుకల డబ్బును పదిహేను రోజులు, ఒంటరిగా, రసీదు లేకుండా, మూడు వందలు కూడా లేని ఒక మనిషి ఇంట్లో ఉంచడం ఆ సంఘం చేసిన పొరపాటు. ఆయన నమ్మకస్థుడని అలా చేశామని వారంటారు. నమ్మకస్థుడైన మనిషిని అలాంటి శోధనలోకి నెట్టకూడదు.

రాజులు రెండవ గ్రంథం పన్నెండో అధ్యాయాన్ని మన పెద్దలు ఏటా ఒకసారైనా చదవాలని నా కోరిక. యూదా రాజు యోవాషు ఏలుబడిలో మందిరాన్ని బాగుచేయడానికి డబ్బు యాజకులకే అప్పగించారు. ఇరవై మూడో సంవత్సరం వచ్చినా మరమ్మతు జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం దగ్గర పెట్టాడు. పెట్టె నిండినప్పుడల్లా రాజు తరఫు అధికారి ఒకడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. ప్రధాన యాజకుడిని కూడా ఒంటరిగా లెక్కపెట్టనివ్వలేదు! అదే అధ్యాయంలో, ఆ డబ్బుతో పని చేయించినవారు నమ్మకస్థులు కాబట్టి వారిని లెక్క అడగలేదని కూడా ఉంది. చాలామంది ఈ రెండో మాటనే పట్టుకుని, మా కోశాధికారి దేవుని మనిషి, లెక్కలెందుకని అంటారు. మొదటి మాట లేకుండా రెండో మాట రాదు. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం పోగైన చందాను ఒక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట తీసుకుని వెళ్లాడు. ప్రభువు దృష్టికే గాక మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో చెప్పాడు.

కాబట్టి తమ్ముడూ, నీవు ఆ బాధ్యత తీసుకునేటట్టయితే కొన్ని షరతులు పెట్టు. కానుకలు ఆ ఆదివారమే, మందిరంలోనే, ముగ్గురు కూర్చుని లెక్కపెట్టాలి, అందులో ఒకరు స్త్రీల సమాజం నుంచి ఉండాలి. ముగ్గురూ పుస్తకంలో సంతకం చేయాలి. పెట్టెకు రెండు తాళాలుండాలి, రెండు తాళంచెవులూ ఒకే ఇంట్లో ఉండకూడదు. సోమవారం బ్యాంకులో జమ చేయాలి, ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. నెల మొదటి ఆదివారం జమాఖర్చులు సంఘం ముందు చదవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కొంత సొమ్మును ఆపద నిధిగా విడిగా ఉంచి, అర్ధరాత్రి ఎవరికి గుండెనొప్పి వచ్చినా ఇద్దరు పెద్దలు ఫోన్‌లో ఒప్పుకుంటే వెంటనే ఇచ్చేలా తీర్మానం చేయించు. ఆ నిధి 2019లో ఉంటే నీవు ఆ ముడి వేయవలసిన అవసరమే వచ్చేది కాదు. జరిగిన దాని విషయంలో ఒంగోలు అయ్యగారు చెప్పినదే నా మాట కూడా, దానికి ఒకటి కలుపుతాను. నోటితో చెప్పడంతో ఆపవద్దు. ఆ ఏడాది పుస్తకంలో రాయించు.

జవాబు (ప్రశ్న అడిగిన సహోదరుడు)

అందరికీ వందనాలు. నిన్న సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్లాను. పెద్దాయనను కూడా పిలిపించమని నేనే అడిగాను. ముగ్గురం వసారాలో కూర్చున్నాం. గొంతు పట్టేసింది, అయినా మొత్తం చెప్పాను, ముడి సంగతి కూడా చెప్పాను. అయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెద్దాయన మాత్రం, "నాన్న ఎలా ఉన్నాడు ఇప్పుడు?" అని అడిగారు. నాన్న ఇప్పుడు పొలం గట్ల దాకా నడుస్తున్నారని చెప్పాను.

తరువాత ఆయన మనవడిని పంపి 2019 పుస్తకం తెప్పించారు. ఆ కోతకాలపు పండుగ పద్దు ఉన్న పేజీ తీయించి, కింద ఖాళీ వదిలిన చోట నాతోనే రాయించారు. ఏ తేదీన తీశానో, ఎంత తీశానో, ఎందుకు తీశానో, ఏ తేదీన తిరిగి పెట్టానో, ఎవరి అనుమతీ లేదన్న మాటతో సహా రాయమన్నారు. ఈనాటి తేదీ వేసి నన్ను సంతకం చేయమన్నారు. నేను చేశాక ఆయన భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరం చదివి, తన సంతకం కూడా చేసి, "డబ్బు నీ ఇంట్లో ఉంచమని చెప్పింది నేను, ఈ పద్దు నాది కూడా" అన్నారు.

ఆపద నిధి, రెండు తాళాల సంగతి పెద్దల సమావేశంలో పెడతామని అయ్యగారు ఒప్పుకున్నారు. రెండో తాళంచెవి స్త్రీల సమాజంలోని ఒక వితంతువు దగ్గర ఉంచాలని పెద్దాయన సూచించారు. నా పేరు ప్రతిపాదించే ముందు ఈ సంగతి సంఘానికి నేనే చెప్పుకుంటానని, విన్న తరువాత వారు వద్దంటే మనసులో ఏమీ పెట్టుకోనని చెప్పాను. కావలి అక్కగారు రాసిన రెండో మాట గురించి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఎవరు చందా కట్టలేదో ఇప్పటికే నాకు కొంత తెలుసు, ఒకటి రెండు సార్లు ఇంట్లో మాట్లాడాను కూడా, అది మా ఆవిడతో కూర్చుని సరిచేసుకుంటాను.

ఆదివారానికి ఇంకా పది రోజులుంది. మైకు లేకుండా, ముందు వరుస దగ్గర నిలబడి చెప్పడానికి అయ్యగారు అనుమతి ఇచ్చారు. ప్రార్థించండి.